నాలుగో ల్యాప్‌లో బుర్ర పనిచేయదు

మౌంటెన్ బైక్ మీద క్రాస్ కంట్రీ రేసు అనగానే ఎవరైనా ముందు కాళ్ళ గురించే అడుగుతారు. ఎంత ఎత్తు ఎక్కావు, తొడలు పట్టేశాయా, రోజూ ఎంత తొక్కేవాడివి, ఇవే ప్రశ్నలు. కాళ్ళు కావాలి, కాదనడం లేదు. కానీ మొన్నటి రేసు తర్వాత నాకు రూఢి అయిన సంగతి వేరే ఉంది. ఈ ఆటలో కాళ్ళకంటే ముందు చేతులెత్తేసేది బుర్ర. గుండె దాని గరిష్ఠ వేగంలో 90 శాతం దగ్గర గంటకు పైగా కొట్టుకుంటూ ఉంటే, ఎదురుగా వస్తున్న రాయిని ఎడమ నుంచి దాటాలా కుడి నుంచి దాటాలా అన్న చిన్న ప్రశ్నకి కూడా జవాబు తట్టదు. తట్టేలోపు రాయి మీదకి వచ్చేస్తుంది. అందుకే ఆలోచించే పనేదో ముందు రోజే కానిచ్చేసి, రేసులో ఊరికే అనుకున్నది అనుకున్నట్టు చేసుకుంటూ పోవాలని ఈసారి గట్టిగా అనుకున్నాను. అది ఎంతవరకు నడిచిందో రాస్తాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మౌంటెన్ బైక్ రేసుల్లో చాలా రకాలున్నాయి. నేను చెప్పేది ఒలింపిక్స్‌లో ఉండే క్రాస్ కంట్రీ, 1996 అట్లాంటా నుంచి ఉంది. 4 నుంచి 6 కిలోమీటర్ల చుట్టు ఒకటి గీస్తారు. అందులో ఎక్కుడు, దిగుడు, రాళ్ళు, చెట్ల వేళ్ళు, బురద అన్నీ ఉంటాయి. అందరూ ఒకేసారి బయల్దేరి దాన్నే మళ్ళీ మళ్ళీ తిరగాలి, ఒక్కో చుట్టు ఒక ల్యాప్. పెద్ద రేసుల్లో గెలిచేవాళ్ళకి గంటా ఇరవై నిమిషాల నుంచి గంటా నలభై దాకా పడుతుంది, మాలాంటి వాళ్ళకి ల్యాప్‌లు తగ్గిస్తారు. రోడ్డు సైక్లింగ్‌లోలా ముందువాడి వెనక దాక్కుని గాలి తప్పించుకునే సౌకర్యం ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. నీళ్ళ సీసా అందుకోవాలన్నా, చక్రం మార్చుకోవాలన్నా దానికని గుర్తుపెట్టిన చోటే చేయాలి. ఇంకెక్కడ పంక్చర్ అయినా నీ తిప్పలు నువ్వు పడాలి. బండి మాత్రం మార్చకూడదు, బయల్దేరిన బండి మీదే ముగించాలి.

ముందు రోజు కోర్సు చూడ్డానికి వెళ్ళినప్పుడు అందరూ సర్రున రెండు ల్యాప్‌లు తొక్కి వెళ్ళిపోతుంటే, నేను ఒక ల్యాప్ నెమ్మదిగా తొక్కి, రెండోది చాలావరకు నడిచాను. బండి పక్కన నెట్టుకుంటూ నడుస్తుంటే కొందరు వింతగా చూశారు, చూడనీ. సైకిల్ మీద నుంచి కనబడే నేల వేరు, నిలబడి చూస్తే కనబడే నేల వేరు. ముఖ్యంగా రాళ్ళ దిగుడు ఒకటుంది. పైన రెండు చెట్ల మధ్య నుంచి దూరగానే కింద బల్లంత వెడల్పు రాయి, దాని మీద పల్చగా నాచు. దాని కింద మోకాలెత్తు దిగుడు. అది దిగీ దిగగానే ఏటవాలుగా అడ్డంపడిన వేరు ఒకటి, బొటనవేలి మందమే, కానీ తడిగా నున్నగా ఉంది. ముందు చక్రం దాని మీద ఏటవాలుగా పడితే పక్కకి జారుతుంది, నిటారుగా పడితే ఏమీ కాదు. అదే చోట కుడివైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చే సులువు దారి కూడా ఉంది. రేసుల్లో వీటిని ఏ-లైన్, బి-లైన్ అంటారు. నేను మాత్రం దగ్గర దారి, చుట్టు దారి అనే అనుకుంటాను.

అక్కడే పక్కన కూర్చుని వచ్చేవాళ్ళని చూశాను. బాగా తొక్కేవాళ్ళు కూడా చాలామంది ఆ నాచు రాయి దగ్గరే బ్రేక్ పడుతున్నారు, అదే పొరపాటు. బ్రేక్ పట్టాల్సింది దానికి ముందు, పొడిగా ఉన్న మట్టి మీద, మోడు ఒకటి ఉంటే సరిగ్గా దాని ఎదురుగా. రాయి మీదకి వచ్చేసరికి వేళ్ళు బ్రేక్ మీద నుంచి వదులుగా ఉండాలి. ఒకరి తర్వాత ఒకర్ని చూస్తూ చూస్తూ మనసులో లెక్కపెట్టుకుంటే రెండు దారులకీ తేడా నాలుగైదు సెకన్లకు మించి లేదు. అక్కడే నిర్ణయం తీసేసుకున్నాను. మొదటి రెండు ల్యాప్‌లు దగ్గర దారి, మూడో ల్యాప్ నుంచి చుట్టు దారి. ఒంట్లో ఎలా ఉన్నా సరే, ముందు ఎవరున్నా సరే. ఆయాసంలో ఉన్నప్పుడు మనిషికి వచ్చే ధైర్యం ధైర్యం కాదు, లెక్క తప్పడం, నా అభిప్రాయం అది.

కోర్సు తెలియడం ఎంత పెద్ద విషయమో చెప్పడానికి టోక్యో ఒలింపిక్స్ కంటే మంచి ఉదాహరణ లేదు. 2021 జులైలో జరిగిన ఆ రేసులో నెదర్లాండ్స్ ఆటగాడు మాథ్యూ వాన్ డెర్ పూల్ మొదటి ల్యాప్‌లోనే పెద్ద రాతి దిగుడు దగ్గర పల్టీ కొట్టాడు. ప్రాక్టీసులో అక్కడ చెక్కతో చేసిన వాలు ఉండేది, రేసు రోజున అది లేదు. తీసేస్తారని తనకి తెలియదని ఆయన తర్వాత చెప్పాడు. వాలు ఉంటుందనుకుని నెమ్మదిగా చక్రం వదిలినవాడికి కింద ఏమీ లేకపోతే ఏమవుతుంది, అదే అయింది. ప్రపంచంలో బండి మీద అంత అదుపున్నవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. అయినా తలలో ఉన్న కోర్సు, కళ్ళముందున్న కోర్సు ఒకటి కాకపోతే నైపుణ్యం ఏం చేస్తుంది? అందుకే రేసు రోజు పొద్దున కూడా నేను వార్మప్‌లో భాగంగా ఆ రాళ్ళ దిగుడు దాకా వెళ్ళి చూసొచ్చాను. రాత్రి మంచుకి నాచు ఇంకాస్త తడిసింది, అంతే తేడా.

టైర్లలో గాలి సంగతి కూడా ఇలాంటిదే, ముందే తేల్చేసుకోవాల్సిన వ్యవహారం. ఇప్పుడు రేసుల్లో దాదాపు అందరూ ట్యూబ్‌లెస్సే, లోపల సీలెంట్ ద్రవం ఉంటుంది, చిన్న చిల్లు పడితే అదే పూడుస్తుంది. ట్యూబ్ లేదు కాబట్టి గాలి బాగా తగ్గించుకోవచ్చు. తగ్గిస్తే టైరు రాయి ఆకారానికి తగ్గట్టు ఒదిగి పట్టు ఇస్తుంది. మరీ తగ్గిస్తే రిమ్ము వెళ్ళి రాయికి తగులుతుంది, మధ్యలో టైరు నలిగి తెగుతుంది, ఆ కోతని సీలెంట్ పూడ్చలేదు. నా బరువుకి వెనక 21, ముందు 19 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత అది). ముందు చక్రానికి పట్టు ఎక్కువ కావాలి, వెనక చక్రం మీద బరువు ఎక్కువ పడుతుంది, అందుకే ఆ తేడా. బొటనవేలితో నొక్కి చూసి సరిపోయింది అనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, ఒక్క పీఎస్ఐ తేడా బండి మీద తెలుస్తుంది, వేలికి తెలియదు. గాలి కొలిచే గేజ్ కొనుక్కోండి. ఒక్కటే కొనుక్కోండి, రెండు గేజ్‌లు ఎప్పుడూ ఒకే లెక్క చూపించవు.

ఇంకో పని చేశాను, కొంచెం చిన్నపిల్లల వ్యవహారంలా ఉంటుంది కానీ చెప్తాను. హ్యాండిల్ మీద తెల్ల టేప్ అంటించి మార్కర్‌తో నాలుగు మాటలు రాసుకున్నాను. "మోడు బ్రేక్", "3 నుంచి చుట్టు", "తాగు", "పైన ఆగకు". శక్తి కోసం మింగే చిక్కటి తీపి జెల్ ఎప్పుడు తినాలో కూడా అప్పటికప్పుడు అనుకోకూడదని ప్రతి ల్యాప్‌లో ఒకే చోట, పొడవాటి చదును దారి మొదలయ్యే దగ్గర, గుటకేయాలని పెట్టుకున్నాను. ఆకలేసినప్పుడు తింటాను అనుకుంటే ఈ రేసులో ఆకలే వేయదు, నేరుగా నీరసం వస్తుంది.

ఇక స్టార్ట్. ర్యాంకు ఉన్నవాళ్ళని పేరుపేరునా పిలిచి ముందు వరుసల్లో నిలబెడతారు, మిగతావాళ్ళం వెనక. వెనక నిలబడటమంటే ఏంటంటే, మొదటి నిమిషంలో వెడల్పు మట్టి రోడ్డు మీద అందరూ ప్రాణం పెట్టి తొక్కుతారు, ఆ రోడ్డు పోయి ఒక్క బండి పట్టేంత సన్నటి బాటలో కలుస్తుంది, ముందున్నవాళ్ళు దూరిపోతారు, వెనకున్నవాళ్ళు దిగి నిలబడాలి. నిజంగానే నిలబడాలి. మొదటి ఎక్కుడులో ఎవరో ఒకరు గేరు తప్పి కాలు కింద పెడతారు, వాళ్ళ వెనక ఇరవైమంది ఆగిపోతారు. గుండె అప్పటికే గొంతులో ఉంటుంది, దుమ్ము నోట్లో ఉంటుంది, మనం మాత్రం క్యూలో. చిరాకేస్తుంది కానీ దానికి కూడా ముందే సిద్ధమై ఉంటే ఫరవాలేదు. నేను బాటకి ఎడమ అంచున ఉండాలని అనుకున్నాను, ఎందుకంటే అటువైపు గడ్డి మీద దిగి బండి భుజాన వేసుకుని పరిగెత్తే చోటుంది. ఆగినవాళ్ళు ఆగి ఉండగానే అలా ఒక ఏడెనిమిది మందిని దాటాను. పరిగెత్తడం నామోషీ అనుకునేవాళ్ళు ఈ ఆటలో చాలామంది ఉన్నారు, వాళ్ళందరికీ నా ధన్యవాదాలు.

ఎక్కుడు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు, నొప్పే. ముందు పెడల్ దగ్గర 32 పళ్ళ చైన్ రింగ్, వెనక చక్రం దగ్గర పెద్ద గేరుకి 51 పళ్ళు. అది కూడా చాలనట్టు ఉంటుంది కొన్నిచోట్ల. లేచి నిలబడి తొక్కితే వదులు మట్టిలో వెనక చక్రం ఊరికే తిరుగుతుంది, పూర్తిగా వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సీటు మొన మీదకి జరిగి, ఛాతీ కిందకి దించి, మోచేతులు వంచి, ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో వేలాడాలి. గేరు మాత్రం కాళ్ళు మొరాయించక ముందే మార్చాలి, బరువు మీద నొక్కుతూ మారిస్తే చైన్ కటకటలాడుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. టేప్ మీద రాసుకున్న "పైన ఆగకు" ఇక్కడిదే. కొండ మీదకి చేరగానే ఒళ్ళంతా హమ్మయ్య అంటుంది, పెడల్ మీద కాళ్ళు వాటంతటవే ఆగుతాయి. సరిగ్గా అక్కడే ఇంకో పదిసార్లు గట్టిగా తొక్కితే దిగుడులోకి వేగంతో వెళ్తాం. ప్రతి ల్యాప్‌లో నేను ఒకరిద్దర్ని దాటింది ఎక్కుడులో కాదు, ఎక్కుడు అయిపోయిన తర్వాతి ఆ కొద్ది మీటర్లలో.

దిగుడు విశ్రాంతి అని బయటివాళ్ళు అనుకుంటారు. కాళ్ళకి విశ్రాంతేమో గానీ ముంజేతులు రాయిలా బిగుసుకుపోతాయి, బ్రేక్ మీద వేలు నాది కాదు అన్నట్టు ఉంటుంది. డ్రాపర్ మీట నొక్కి సీటు కిందకి దింపడం, మడమలు దించడం, చూపు ముందు చక్రం మీద కాకుండా తర్వాతి మలుపు మీద పెట్టడం, ఇవన్నీ అలవాటైనవే. చేతగానిది ఊపిరి. దిగుడులో మనకి తెలియకుండానే ఊపిరి బిగపడతాం. కింద చదునుకి వచ్చేసరికి ఇంకా ఎక్కువ ఆయాసం. గట్టిగా, బయటికి వినపడేలా ఊదుతూ దిగడం నాకు బాగా పనిచేసింది. చూసేవాళ్ళకి ఆవేశపడుతున్న ఎద్దులా ఉండి ఉంటాను.

నాలుగో ల్యాప్‌కి వద్దాం. మూడు ల్యాప్‌లు అయ్యేసరికి టేప్ మీద బురద పడి ఒక్క అక్షరం కనబడలేదు, కానీ రాసుకున్నవి అప్పటికే నోటికి వచ్చేశాయి. నా ముందు ఎర్ర జెర్సీ అతను ఒకడున్నాడు. చాలాసేపటి నుంచి అతన్ని అందుకుంటూ, వదులుకుంటూ వస్తున్నాను. ఎక్కుడులో నేను దగ్గరైతే దిగుడులో అతను దూరం. రాళ్ళ దిగుడుకి వచ్చేసరికి అతని వెనక చక్రానికి నా ముందు చక్రానికి బండి పొడవంత కూడా సందు లేదు. ఆ క్షణంలో నా ఒళ్ళంతా అతని వెనకే దగ్గర దారిలోకి వెళ్ళమంది. ముందు ఒకడు వెళ్తుంటే వెనకే పోవాలనిపించడం ఎంత బలంగా ఉంటుందో రేసు చేస్తేనే తెలుస్తుంది. చేతులు మాత్రం కుడికి తిప్పేశాయి. ముందు రోజు తీసుకున్న నిర్ణయం చేతుల్లో ఉండిపోయిందన్నమాట. చుట్టు దారిలో తిరిగి వచ్చి చూస్తే అతను రాయి, దిగుడు, వేరు అన్నీ చక్కగా దాటి ముందు మలుపులో కనబడుతున్నాడు. ఆ తర్వాత మళ్ళీ నాకు అందలేదు. నాకంటే ముందే ముగించాడు.

మరి నేను తప్పు చేసినట్టా? నాకలా అనిపించడం లేదు. అతనికి ఆ దారి అప్పటికీ చేతనవుతోంది, నాకు కాదు. ఆ ల్యాప్‌లో దానికి కాస్త ముందే, ఒక మామూలు మలుపులో, ఏ రాయీ లేని చోట, నేను బండి దాదాపు చెట్టుకి పెట్టబోయాను. నా పరిస్థితి అది. చుట్టు దారి తీసుకున్నవాళ్ళని వెటకారం చేసే అలవాటు మనవాళ్ళలో ఉంది, నాకు అది అస్సలు నచ్చదు. ఆ దారి గీసింది కోర్సు గీసినవాళ్ళే, అది కూడా రేసులో భాగమే, దాని ఖరీదు సెకన్లలో మనమే కడుతున్నాం.

పై స్థాయిలో ఉన్నవాళ్ళు ఈ అలసటలో ఆలోచించడాన్ని కూడా కసరత్తులా నేర్చుకుంటారు. పురుషుల్లో పదిసార్లు ప్రపంచ చాంపియన్ అయిన నీనో షుర్టర్, ఒళ్ళు విరిగే కసరత్తు చేసిన వెంటనే బ్యాలెన్స్ బోర్డు లాంటివి ఎక్కి సాధన చేయడం చాలామంది చూసే ఉంటారు. సరదా విన్యాసం కాదది. ఊపిరి ఆడనప్పుడు కూడా ఒంటి మీద అదుపు తప్పకుండా ఉండటమే దాని పని. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ ఆటగాడు టామ్ పిడ్‌కాక్‌కి మధ్యలో పంక్చర్ అయింది, చక్రం మార్చుకునేసరికి ముందున్నవాళ్ళు దూరమయ్యారు. ఒక్కొక్కర్నే దాటుకుంటూ వచ్చి చివరి ల్యాప్‌లో ఫ్రాన్స్ ఆటగాడు విక్టర్ కొరెట్జ్కీని పట్టుకున్నాడు. ముగింపు దగ్గరపడ్డాక ఒక చెట్టు దగ్గర దారి రెండుగా చీలితే, కొరెట్జ్కీ ఒకవైపు వెళ్ళగా పిడ్‌కాక్ రెండోవైపు నుంచి దూరి ముందుకొచ్చేశాడు. ఇద్దరూ రాసుకున్నారు కూడా. సొంత దేశం వాడు ఓడిపోతుంటే జనం గోల చేశారు, అది వేరే సంగతి. నాకు ఆశ్చర్యం అనిపించేది ఆ తెగువ కాదు, అంతసేపు అంత గట్టిగా తొక్కిన తర్వాత కూడా ఆ చెట్టుకి రెండోవైపు సందుందని అతని బుర్రకి తట్టడం. నాకైతే ఆ సమయంలో చెట్టుందని తట్టినా గొప్పే.

నా పంక్చర్ సామాను మాత్రం వాడే అవసరం రాలేదు. సీటు కింద చిన్న సంచిలో టైరు చిల్లులో దూర్చే రబ్బరు పట్టీలు, టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండర్ ఒకటి, చైన్ అతికించే లింకు, అంతే. ఇవి కూడా ఇంట్లో కళ్ళు మూసుకుని తీసి పెట్టడం సాధన చేశాను. నవ్వకండి.

చివర్లో అసలు టెన్షన్ వేరే. ముందున్నవాళ్ళు ఒక ల్యాప్ ఎక్కువ తిరిగి మన వెనక నుంచి వచ్చేస్తుంటారు. పెద్ద రేసుల్లో 80 శాతం నియమం ఉంది, నాయకుడి మొదటి ల్యాప్ సమయాన్ని బట్టి ఒక హద్దు లెక్కేసి, అంతకంటే వెనకబడ్డవాళ్ళని ల్యాప్ చివర్లో పక్కకి తప్పిస్తారు. అలా తప్పించినా ఫలితాల్లో పేరు ఉంటుంది, ఎన్ని ల్యాప్‌లు వెనకో పక్కన రాసి. మా రేసులో దాన్నే కాస్త సడలించి పెట్టారు. వెనక నుంచి "ఎడమ!" అని కేక వినపడగానే కుడికి జరిగి దారి ఇవ్వాలి. ఇవ్వడం మర్యాదే, కానీ మలుపు మధ్యలో కంగారుపడి పొదల్లోకి పోనక్కర్లేదు, మలుపు దాటి వెడల్పు రాగానే జరిగితే చాలు, వాళ్ళకీ అదే మేలు. దాటిపోతూ ఒకతను థాంక్స్ అన్నాడు. ఆ స్థితిలో మాట్లాడే ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో!

తప్పించేవాళ్ళు నిలబడే చోటుకి వచ్చినప్పుడు అక్కడున్నావిడ గడియారం చూసి, నన్ను చూసి, మళ్ళీ గడియారం చూసి, చేత్తో పొమ్మంది. అంటే ఇంకో ల్యాప్ తొక్కాలి. సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ఆ చివరి ల్యాప్‌లో నా వెనక ఇద్దరు, ముందు ఎవరూ కనబడటం లేదు. ఆ ఇద్దరూ నన్ను దాటితే నా స్థానం ముప్ఫైల నుంచి ఇంకో రెండు కిందకి పోతుంది, ఎవరికీ పట్టని విషయం. అయినా మేం ముగ్గురం పతకం కోసం అన్నట్టే కొట్టుకున్నాం. ఎక్కుడు పైన ఆగకుండా తొక్కినందుకు వచ్చిన సందు చివరిదాకా నిలిచింది, ఒకర్ని మాత్రం ఆపలేకపోయాను, చివరి మట్టి రోడ్డులో నా పక్క నుంచే పోయాడు. గీత దాటాక ఇద్దరం బండ్ల మీదే వంగిపోయి కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు, తర్వాత అతను నా హ్యాండిల్ వైపు చూసి ఆ టేప్ మీద ఏం రాసుకున్నావు అని అడిగాడు. గోటితో బురద గీకి చూపించాను. "తాగు" అన్నది ఒక్కటే మిగిలింది, మిగతావి చెరిగిపోయాయి.

వచ్చే రేసుకి కోర్సు మ్యాప్ పెట్టారు. దిగుళ్ళు తక్కువ, పొడవాటి ఎక్కుడు ఒకటి, మధ్యలో దుంగల మీద నుంచి దూకేది ఒకటి కనబడుతోంది. దానికి పక్కన చుట్టు దారి ఉందో లేదో మ్యాప్‌లో తెలియడం లేదు, ముందు రోజు వెళ్ళి చూడాలి. నీళ్ళకి చెరగని మార్కర్ అయితే కొన్నాను.